దూరదేశములు చూచువారు దాపునున్నవి చూడవలదా?

(గుడియాత్తములో జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు దగ్గరపడినవి. మన యిండ్లలో ప్రయాణపు మాటలు మొదలైనవి. ఒకరు ఊటీ యందురు, ఒకరు కాశీ యందురు, చేతిలో నాలుగు రూకలాడువారు సింగపూరు యందురు. దేశాటనము మంచిదే. మేము లుంగీల వ్యాపారము చేయువారము. సరుకు మూటలతో ఊరూరు తిరిగితిమే గాని, చూచుటకై తిరిగినవారము కాము. అట్టి మేము యాత్రలను గూర్చి చెప్పబూనుటకు ఒక కారణము కలదు.

గత సంవత్సరము నరసరావుపేట నుండి మా దూరపు బంధువొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, వైద్యమునకై వేలూరు వచ్చిరి. పరీక్షల ఫలితములకు నాలుగు దినములు పట్టునని తెలిసినది. ఈలోగా ఊరు చూపుమని మా కుమారుని తోడిచ్చి పంపితిమి. కోట అగడ్త యొద్ద ఆయన, "బాబూ, ఈ కోట ఎవరు కట్టించారు?" అని యడిగిరట. మావాడు "తెలీదు తాతయ్యా" అనెనట. "మీ ఊరి కోటే గదా!" అని ఆయన నవ్వి యూరకుండిరట. ఆ సాయంకాలము తమకు కావలసిన సరుకుల పేర్లు తెలుగులో చీటీపై వ్రాసి యిచ్చిరి. మావాడు ఆ చీటీని అటునిటు త్రిప్పి చూచి మా చేతిలో పెట్టెను. మాతృభాషను గూర్చి ఎన్నో సభలలో మాటలాడిన మాకు, ఆ చీటీ చదివి వినిపించుట కంటె సిగ్గైన పని వేఱొకటి లేకపోయెను.

కనుక మొదట ఆ కోట సంగతియే చెప్పెదము. పదునాఱవ శతాబ్దమున విజయనగరమునకు లోబడి యేలిన నాయకులు దీనిని కట్టించిరి. వారిలో చిన్నబొమ్మనాయకుడు ప్రసిద్ధుడు. అప్పయ్య దీక్షితులకు కనకాభిషేకము చేసినది ఈతడే. పెనుగొండ, చంద్రగిరి తరువాత ఈ యూరు విజయనగర రాయలకు రాజధాని యయ్యెను. మన పెద్దలు దీనిని రాయవేలూరు అనుట మీరు వినియుందురు.

1614లో వేంకటపతిరాయలు గతింపగా సింహాసనమునకై కలహము పుట్టినది. ఆయన యెన్నుకొన్న శ్రీరంగరాయలు కుటుంబముతో సహా బందీయై హతుడయ్యెను. ఒక్క బాలుడు మాత్రము మిగిలెను. రజకుడొకడు ఆ బాలుని మైలబట్టల మూటలో దాచి దాటించెనని, నాటి పోర్చుగీసు మతగురువు బర్రదాస్ వ్రాసిన లేఖ చెప్పుచున్నది. వెలుగోటి యాచమనాయకుడు ఆ బాలుని పక్షమున నిలిచి, తోపూరు యుద్ధమున ప్రత్యర్థులను గెలిచి, అతనిని రామదేవరాయలుగా నిలిపెను. మూటలు కట్టి బ్రతుకు మనకు ఇంతకంటె ఘనమైన మూట కథ యేది? దీనిని మన పిల్లలకు ఎవరు చెప్పవలెను?

1799 తరువాత టిప్పు సుల్తాను కుటుంబమును ఇచటనే ఉంచిరి. 1806 జులై 10న సిపాయిలు తిరుగబడినదియు ఇచటనే. అది 1857కు అర్ధశతాబ్దము ముందటి మాట. 1815లో పట్టుబడిన సింహళపు కండి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు ఈ కోటలో బందీగా నుండి 1832లో కన్నుమూసెను. అతనిది మధుర నాయకుల సంబంధము గల వంశము. పాలారు ఒడ్డున అతని సమాధి నేటికిని కలదు.

నీరులేని ఏరు, దేవుడులేని గుడి, రాజులేని కోట అని మన యూరిని ఎగతాళి చేయుట పాతకాలపు అలవాటు. కోటలోని జలకంఠేశ్వరాలయమున బహుకాలము పూజలు లేకుండెను. 1981లో లింగప్రతిష్ఠ జరిగి దేవుడు వచ్చెను. ఆ ఆలయపు కల్యాణమండప స్తంభములపై గుఱ్ఱములను, యాళులను ఒక పూట కూర్చుండి చూడవలెను. చరవాణిలో ఛాయాచిత్రము తీసికొని మఱలుట చూచుట కాదు.

ఇక ఏటి మాట. పాలారు కర్ణాటకమున నందికొండల యందు పుట్టి, కుప్పము సీమ దాటి మన యొద్దకు వచ్చుచున్నది. మన గుడియాత్తపు కౌండిన్యనది పలమనేరు వైపు నుండి వచ్చుచున్నది. 2021 నవంబరు వరదలలో ఈ రెండును ఒడ్డులొరసి పారుట మనము కన్నులార చూచితిమి. 1911లో చిత్తూరు జిల్లా వేఱుపడువఱకు చిత్తూరు, పలమనేరు ఉత్తరార్కాటు జిల్లాలోనివే. జిల్లాలు మాఱినవి గాని ఏరులు దారి మార్చుకొనలేదు. మే నెలలో మన గంగమ్మ శిరస్సు ఊరేగునాటికి తిరుపతిలోను, కుప్పములోను గంగమ్మ జాతరల సందడియే.

దగ్గఱనే యున్న తక్కిన చోట్లను కొన్నింటిని చెప్పెదము. వేలూరుకు పడమట విరించిపురము కలదు. అచటి స్వామి మార్గబంధువు, అనగా దారికి తోడైనవాడు. ఆయనపై అప్పయ్య దీక్షితులు స్తోత్రము రచించిరి. ఆ యాలయమున ఒక రాతిపై గంటల గుఱుతులు చెక్కియున్నవి. పుల్లనుంచిన నీడ పడుచోటును బట్టి పొద్దు తెలిసికొనవచ్చును. ప్రయాణము మొదలుపెట్టుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

ఉత్తరమున వళ్ళిమలపై సుబ్రహ్మణ్యస్వామి కోవెల కలదు. ఆ కొండపైననే రాతిలో చెక్కిన జైన శిల్పములును, గంగరాజుల కన్నడ శాసనములును కలవు. ఒకే కొండపై రెండు మతములు, పలు భాషలు! దాని చేరువనున్న మేల్పాడిలో రాజరాజచోళుడు కట్టించిన గుడి కలదు. షోళింగర్ అను ఘటికాచలమునకు 1305 మెట్లు. 2024లో తాళ్ళబండి వచ్చినది కావున వృద్ధులును యోగనరసింహుని దర్శింపవచ్చును.

ప్రకృతి కావలెనన్న ఏలగిరి కొండ కలదు. జవ్వాది కొండలలోని కావలూరు నక్షత్రశాలలో 2.3 మీటర్ల దూరదర్శిని 1986 నుండి పనిచేయుచున్నది. దానికి పేరైన వైను బప్పు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివినవారు. పలమనేరు కుప్పము దారిలో కైగల్ జలపాతము వానలు పడిన పిదప చూడదగినది. అది ఏనుగులు తిరుగు కౌండిన్య అభయారణ్యము గనుక పొద్దుండగనే మఱలవలెను. శ్రీపురపు స్వర్ణాలయము 2007లో వెలసినది. అచటికి అందఱును పోవుచునే యున్నారు. దానిని చూడవలదని మేమనము. అంతటితో వేలూరు చూచితిమని అనుకొనవలదని మాత్రమే మా మనవి.

ఆంధ్ర, తెలంగాణముల నుండి చికిత్సకై అనుదినము మన తెలుగువారు వేలూరు వచ్చుచున్నారు. రోగి మంచముననుండగా తోడు వచ్చినవారు సత్రపు గదులలో దిగులుతో ప్రొద్దుపుచ్చుచున్నారు. వారిని ఒక గంట కోటకు కొనిపోయి, ఈ కథలు తెలుగులో చెప్పగల పదిమంది పిల్లలు మనకున్నచో, అదియొక ధర్మకార్యము. కాని చెప్పుటకు తెలియవలెను. తెలిసికొనుటకు చదువవలెను. చదువుటకు అక్షరములు రావలెను. బడిలో తెలుగు దొరకని పిల్లలకు ఇల్లే బడి, ప్రయాణమే పాఠము.

కాబట్టి మా సూచన యిది. నెలకొక ఆదివారము మన కుటుంబములు పులిహోర, పెరుగన్నము కట్టుకొని ఒక చోటు చూచి రావలెను. వచ్చిన వారములో ప్రతి పిల్లవాడును, పిల్లయు తెలుగులో పది పంక్తులు వ్రాయవలెను. వానికి మన పత్రికలో అరపుట కేటాయింప సంపాదకులు సమ్మతించిరి. మొదటి ప్రయాణము విరించిపురమునకు. వచ్చు ఆదివారము ఉదయము ఆఱు గంటలకు గుడియాత్తము బస్సు నిలయమున కలిసికొందము.

మా కుమారుడు ఈ మూడు నెలలుగా రాత్రిపూట అంగడి మూసిన పిదప గుణింతములు దిద్దుచున్నాడు. మొదటి పది పంక్తులు వాడే వ్రాయును. అందు తప్పులుండును. వానిని దిద్దకుండ అట్లే అచ్చువేయుడని సంపాదకులను కోరితిమి. ఆ తప్పులు వానివి గావు, మావి.