మొదట నాడి చూచే వైద్యుడు

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము వేతన సవరణను గురించి గాని, ఖాళీల భర్తీని గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఆ తీర్మానాల ప్రతులు మీ చేతుల్లోనే ఉన్నవి. మాకు అప్పగించిన విషయం వైద్యుని అర్హత. "దీనితో యూనియనుకు ఏమి పని?" అని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక సోదరుడు అడిగినాడు. అడగవలసిన ప్రశ్నే. ఆయనకు జవాబుగా ఒక కేసు చెప్పి మొదలుపెడతాము.

ఒక ట్రాక్ మెయింటెయినరు, అంటే మన పాత మాటలో గ్యాంగ్‌మన్, సెలవు మీద స్వగ్రామానికి పోయి అక్కడ జ్వరంతో పడిపోయినాడు. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు రాత్రింబగళ్ళు కనిపెట్టుకొని చూచినాడు. సూదిమందు వేసినాడు, సెలైను ఎక్కించినాడు, జ్వరం తగ్గినాక రబ్బరు స్టాంపు వేసి ఒక సర్టిఫికెటు కూడా ఇచ్చినాడు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరు ఇచ్చిన సర్టిఫికెటు తేవాలని ఆఫీసువారు చెబుతారు. ఈ కాగితం మీద ఆర్.ఎం.పి. అని అచ్చయి ఉన్నది. మన సోదరునికి అనుమానం ఎందుకు కలుగుతుంది? ఆఫీసు మాత్రం ఆ కాగితాన్ని తిప్పి పంపింది. పదకొండు రోజులు అనధికార గైర్హాజరు క్రింద వ్రాసి, జీతం కోసి, పైన చార్జిషీటు ఇచ్చింది.

ఈ మూడక్షరాలలోనే మోసం ఉన్నది. చట్టం దృష్టిలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఒక ఏడాది ఇంటర్నుగా పనిచేసి, రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో పేరు ఎక్కినవాడు. మన తెలుగు పల్లెలలో ఆర్.ఎం.పి. అంటే సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఏ మండలి రిజిస్టరులోనూ పేరు లేక, ఏదో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. అదే మాట రూల్సు పుస్తకంలో ఒక అర్థమిస్తుంది, ఊరి వీధిలో ఇంకొక అర్థమిస్తుంది. ఈ రెండింటి నడుమ మన సభ్యుని జీతం నలిగిపోయింది.

ఆ పల్లె వైద్యుని మీద మాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేవాడు అతడొక్కడే. అర్హత గల డాక్టరు పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచినవారిని వదలి, ఆ ఖాళీలో నిలబడినవానిని తిట్టడం న్యాయం కాదు. అయితే ప్రాణం విషయంలో మెత్తదనం పనికిరాదు. హోమియో చదివిన ఒక వైద్యుడు బొంబాయిలో ఒక జ్వర రోగికి అల్లోపతి మందులు ఇచ్చినాడు. రోగి చనిపోయినాడు. తాను చదవని విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని, వేరే రుజువు అక్కర లేదని సుప్రీంకోర్టు 1996లో తేల్చి చెప్పింది. రిజిస్టరులో లేకుండా ఆధునిక వైద్యం చేసేవారికి 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఒక సంవత్సరం వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ అని చెబుతున్నది.

మరి అర్హతను మనం ఎట్లా కనుక్కోవాలి? దీనికి పెద్ద చదువు అక్కరలేదు. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమాలు నేటికీ అమలులో ఉన్నవి. వాటి ప్రకారం ప్రతి వైద్యుడు తన రిజిస్ట్రేషను నెంబరును క్లినిక్‌లో కనబడేటట్లు పెట్టాలి. మందుల చీటీ మీద, సర్టిఫికెటు మీద, డబ్బు తీసుకొన్న రసీదు మీద కూడా వేయాలి. నెంబరు లేని సర్టిఫికెటును మన సభ్యుడు చేతిలోకే తీసుకోకూడదు. ఆ నెంబరు ఏ రాష్ట్ర మండలిదో కూడా చూడాలి. ఖరగ్‌పూర్‌లో ఉన్న మన తెలుగు రైల్వే కుటుంబాలవారు చూపించుకొనే వైద్యుని పేరు సాధారణంగా పశ్చిమ బెంగాల్ మండలిలో దొరుకుతుంది గాని, ఆంధ్రప్రదేశ్ మండలిలోనో, తెలంగాణ మండలిలోనో వెదికితే దొరకదు. దొరకలేదు గనుక నకిలీ అని తొందరపడిన సంగతి కూడా మా దృష్టికి వచ్చింది.

బోర్డు మీద పేరు ప్రక్కన బారెడు అక్షరాలు ఉంటే భయపడవద్దు, మురిసిపోవద్దు. ఎం.బి.బి.ఎస్. పునాది. దాని మీద మూడేళ్ళు ఒక శాఖలో శిక్షణ పొందితే ఎం.డి. లేదా డి.ఎన్.బి. అనే పట్టా వస్తుంది. ఒక సంఘంలో సభ్యత్వం వేరు, పట్టా వేరు. ప్రత్యేక అర్హత లేనిదే ఆ శాఖలో స్పెషలిస్టునని చెప్పుకోరాదని కూడా ఆ 2002 నియమాలే చెబుతున్నవి.

ఇక్కడ రెండు శాఖలను గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. గుండెకు, కంటికి, ఎముకకు స్పెషలిస్టులు ఉంటారని అందరికీ తెలుసు. కుటుంబ వైద్యం కూడా ఒక ప్రత్యేక శాఖ అని, అత్యవసర వైద్యం మరొక శాఖ అని మనలో చాలామందికి తెలియదు. ఆశ్చర్యమేమీ లేదు, ప్రభుత్వమే ఆలస్యంగా తెలుసుకొన్నది. అత్యవసర వైద్యాన్ని వేరే శాఖగా భారత వైద్య మండలి గుర్తించింది 2009లో మాత్రమే. కుటుంబ వైద్యంలో డి.ఎన్.బి. అంతకు ముందు నుంచే ఉన్నా, ఎం.డి. చదువు కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటి ఒకటి రెండు చోట్ల మొదలైంది 2010 దాటినాకనే. క్యాజువాలిటీ అంటే కొత్తగా చేరిన కుర్ర డాక్టరును రాత్రి డ్యూటీకి కూర్చోబెట్టే గది అనే అలవాటు అంతకాలం సాగింది. ఇంకా పూర్తిగా పోలేదు.

కుటుంబ వైద్యుడు చేసే పని బయటికి గొప్పగా కనబడదు. తాతకు రక్తపోటు, తండ్రికి చక్కెర, కోడలికి రక్తహీనత, పిల్లవానికి ఉబ్బసం, అన్నీ ఒకే మనిషి ఏళ్ళ తరబడి చూస్తాడు. ఎవరికి ఏ మందు పడదో ఆయనకు గుర్తుంటుంది. ఎవరిని ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపాలో, ఎవరిని పంపనక్కరలేదో ఆయనకు తెలుసు. మన రైల్వే హెల్త్ యూనిట్లు ఒకనాడు ఇట్లాగే నడిచినవి. కాలనీలో డాక్టరు గారికి గ్యాంగ్‌మన్ పిల్లలు కూడా పేరు పేరునా తెలుసు. ఇప్పుడు పలుచోట్ల కాంట్రాక్టు మీద డాక్టరు వస్తాడు, కాలపరిమితి ముగియగానే పోతాడు. ఆ తరువాత వచ్చినవాడు రోగి కథను మళ్ళీ మొదటినుంచి వినాలి. కాంట్రాక్టు డాక్టరుకు అర్హత లేదని మేము అనటం లేదు. ఆయనకూ మనవలెనే ఉద్యోగ భద్రత లేదు. ఆరు నెలలకొకసారి మారే మనిషి ఎంత చదువుకొన్నా కుటుంబ వైద్యుడు కాలేడని మాత్రమే మేమంటున్నది.

మరొక చేదు నిజం కూడా ఈ వేదిక మీద చెప్పక తప్పదు. మన లోకో పైలట్లు, స్టేషను మాస్టర్లు కొందరు చక్కెర వ్యాధిని రైల్వే డాక్టరుకు చెప్పరు. బయట ప్రైవేటుగా మందులు వాడుతూ, నియమిత కాల వైద్య పరీక్ష దగ్గరపడగానే పస్తులుండి చక్కెర తగ్గించుకొని పోతారు. కారణం మనకు తెలుసు. మందిచ్చే చేయీ, ఫిట్ అనో అన్‌ఫిట్ అనో వ్రాసే చేయీ ఒక్కటే. వైద్య వర్గం తగ్గించిన ఉద్యోగికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని రైల్వే నిబంధనలలో ఉన్నది. ఉద్యోగ కాలంలో వికలాంగుడైనవానిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతున్నది. ఈ సంగతులు సభ్యునికి తెలిస్తే సగం భయం తీరుతుంది. మిగిలిన సగం తీరాలంటే చికిత్స చేసే వైద్యుడు ఒకరు, పరీక్ష చేసి వర్గం నిర్ణయించేవాడు మరొకరు కావాలి. ఈ డిమాండును మనం ఇంతవరకు గట్టిగా పెట్టలేదు. ఇది మన లోపమే.

ఇక అత్యవసర వైద్యం. 1992 జూలై 8 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో ఒక మనిషి రైలు నుంచి జారిపడినాడు. ఆయన వ్యవసాయ కూలీల సంఘ సభ్యుడు. తలకు దెబ్బ తగిలి లోపల రక్తస్రావమైంది. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యం లేదన్నారు. అక్కడి నుంచి కలకత్తాకు తెచ్చి ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పినారు. ఒకచోట మంచం లేదు, ఇంకొకచోట పరికరం లేదు. రాత్రంతా గడిచి మరునాడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకొన్నారు. సుమారు 17 వేల రూపాయలు ఖర్చయింది. ఆయన సంఘం ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు పోయింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కుకు భంగమని, డబ్బు లేదనే సాకు చెల్లదని కోర్టు చెప్పింది. 25 వేల రూపాయలు పరిహారం ఇమ్మన్నది. ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉన్నదో తెలిపే ఏర్పాటు ఉండాలన్నది. ఆ తీర్పు సంపాదించి పెట్టింది ఒక కూలీల సంఘం. యూనియనుకేమి పని అని అడిగిన సోదరుడు ఇది గుర్తుంచుకోవాలని మా కోరిక.

అత్యవసర వైద్యంలో శిక్షణ పొందినవాడు ఏమి చేస్తాడు? పది మంది ఒకేసారి వస్తే ఎవరిని ముందు చూడాలో క్షణంలో నిర్ణయిస్తాడు. అరచేవాని కంటె చప్పుడు లేకుండా పడివున్నవాని దగ్గరికి ముందు పోతాడు. ఛాతీ నొప్పి అన్నవానికి వచ్చిన పది నిమిషాలలో ఇ.సి.జి. తీయిస్తాడు, గ్యాసు అని సూది వేసి ఇంటికి పంపడు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలసి ఉంటుంది గనుక, లక్షణాలు ఎప్పుడు మొదలైనవని గడియారం చూచి అడుగుతాడు. ప్రమాద సహాయ వైద్య వాహనాలు ఉన్న మన రైల్వేకు, ప్రతి డివిజనల్ ఆసుపత్రిలో ఇట్టి అర్హత గల వైద్యుని శాశ్వత పోస్టు ఉండాలని అడగడం అత్యాశ కాదు.

బిల్లుల సంగతి ఒక్క మాట. అత్యవసరంలో దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి పోవలసివస్తే, వచ్చిన గంట, రోగి స్థితి, అత్యవసరమనే మాట, వైద్యుని సంతకం, నెంబరు ఆ రోజే కాగితం మీద వ్రాయించండి. ప్యానెలులో లేని ఆసుపత్రి అన్నంత మాత్రాన బిల్లు త్రోసిపుచ్చరాదని, చికిత్స నిజంగా జరిగిందా అనేదే చూడాలని ఒక పెన్షనరు కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డులు అడిగిన 72 గంటలలోగా రోగికి ఇవ్వాలని కూడా ఆ పాత నియమాలలోనే ఉన్నది.

తపాలా సోదరులకు సి.జి.హెచ్.ఎస్. లేనిచోట 1944 నాటి వైద్య సహాయ నిబంధనలు ఉన్నవి, అధీకృత వైద్యుడు ఉంటాడు. మీ పట్టణంలో ఆయన ఎవరో, ఇంకా ప్రాక్టీసు చేస్తున్నాడో లేదో ఇక్కడ కూర్చున్నవారిలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి అంటే ఎక్కువ లేవవని మాకు తెలుసు. గ్రామీణ డాక్ సేవకులకు ఈ రెండూ లేవు. సైకిలు మీద సంచితో రోజూ ఊళ్ళు తిరిగే మనిషికి జబ్బు చేస్తే, మళ్ళీ ఆ ఆర్.ఎం.పి. గుమ్మమే దిక్కు. వారి వైద్య సదుపాయం మన డిమాండ్ల పత్రంలో చివరి పేజీలో ఉన్నది. దానిని ముందు పేజీకి తేవాలని మేము కార్యవర్గంలో ప్రతిపాదించబోతున్నాము.

శాఖా కార్యదర్శులు ఇంటికి పోయినాక చేయవలసినది ఇది. మీ పరిధిలోని ప్రతి హెల్త్ యూనిట్‌లో, డిస్పెన్సరీలో ఎన్ని డాక్టరు పోస్టులు మంజూరైనవి, ఎన్ని నిండినవి, ఎందరు కాంట్రాక్టు మీద ఉన్నారు, రాత్రి ఎవరుంటారు, ఈ నాలుగూ వ్రాసి పంపండి. అధీకృత వైద్యుల పేర్లు, నెంబర్లు యూనియను ఆఫీసు బోర్డు మీద అంటించండి.

మొదట చెప్పిన ట్రాక్ మెయింటెయినరు చార్జిషీటుకు జవాబు ఇచ్చినాము. ఊరి పంచాయతీ వారి వాంగ్మూలం, తరువాత జిల్లా ఆసుపత్రిలో చేయించుకొన్న రక్తపరీక్ష కాగితం జతచేసినాము. విచారణ వచ్చే నెలకు వాయిదా పడింది. డిఫెన్సు సహాయకునిగా పోవడానికి ఆ సెక్షను నుంచి ఒకరు కావలెను. పేరు ఈ సాయంత్రమే ఇవ్వండి.