కానరాని పద్దు



పులిజూదమును మీరందరు ఎరుగుదురు. అందు ఆడువాడు గీతలకు పైన కూర్చుండి పులులను, మేకలను జరుపును. నేడు నేను చెప్పబోవు ఆటలో ఆడువాడు పైన ఉండడు. కథలోని మనుష్యుని కన్నులతోనే లోకమును చూచును. తెరమీద వానికి కనబడునవి తన చేతులు, చేతిలోని తుపాకి, ఎదుటనున్న చీకటి. ఆ ఆటపేరు 'మెట్రో 2033'. రష్యా రచయిత ద్మిత్రి గ్లుఖోవ్‌స్కీ నవలనుబట్టి కీవు నగరమందలి 4ఏ గేమ్సు అను సంస్థ నిర్మింపగా, ఇది 2010లో వెలువడినది.

కథ మాస్కోలో జరుగును. 2013లో అణుయుద్ధమువలన నగరము నశించినదనియు, ప్రాణములు దక్కినవారు ఇరువది ఏండ్లుగా భూగర్భపు రైలుస్టేషనులలో బ్రదుకుచున్నారనియు కల్పన. ఒక్కొక్క స్టేషను ఒక్కొక్క గ్రామము. ఈ కల్పన వట్టి గాలిమాట కాదు. 1935లో ప్రారంభమైన ఆ మాస్కో మెట్రోలోనే, 1941లో జర్మను విమానములు బాంబులు కురిపించినపుడు, ప్రజలు తలదాచుకొనిరి.

ఆటలో భూమిపైకి వచ్చినచో గాలియే విషము. ముఖమునకు ముసుగు తొడుగుకొనవలెను. దాని వడపోత కొలది నిమిషములే పనిచేయును. మిగిలిన కాలమును చేతిగడియారము చూపును. దెబ్బ తగిలిన ముసుగు అద్దము పగులును. దీపము మందగించినపుడు చేతియంత్రమును పలుమారు నొక్కి వెలుగు తెచ్చుకొనవలెను. అన్నిటికంటె వింత అచ్చటి నాణెము. యుద్ధమునకు పూర్వము చేసిన మేలిరకపు తూటాలే రూకలు. నాటుతూటాలు అయిపోయినచో ఆ రూకలనే తుపాకిలో పెట్టి కాల్చుకొనవలసివచ్చును.

ఇట్టి ఆటలతో కాలము వృథాపుచ్చుచున్నావని నా మనుమని మందలించితిని. ఒకసారి ఆడి చూచి తరువాత మందలింపుమని వాడు కోరగా, నేనును కూర్చుంటిని. కథానాయకుడు ఆర్త్యోము అను యువకుడు. చీకటి జీవులు అనబడు వింతప్రాణులవలన తన స్టేషనునకు ఆపద రాగా, సహాయమునకై అతడు బయలుదేరును. దారిలో ఒక బాలుడు చేయిచాచి తూటా యాచించెను. ముందు అవసరపడునని ఈయక సాగితిని. ఒక మూల కూర్చుండి తమ గోడు చెప్పుకొనుచున్నవారి మాటలు వినలేదు. కడపట ఒక ఎత్తైన గోపురమునెక్కి క్షిపణులకు గురి చూపితిని. ఆ జీవులన్నియు భస్మమైనవి. గెలిచితినని సంతసించితిని.

అపుడు మనుమడు అసలు సంగతి చెప్పెను. ఆ జీవులు చంపుటకు కాక, చెలిమి కోరియే వచ్చినవి. వాని భాష తెలియక మనుష్యులు భయపడిరి. ఆడువాడు దారిపొడవున చేసిన దానమును, చూపిన దయను, ఓపికతో విన్న మాటలను ఆట చిత్రగుప్తునివలె లెక్క వ్రాయుచునే యుండును. ఆ లెక్క తెరమీద కనబడదు. అది చాలినవానికే కడపట క్షిపణులను ఆపు అవకాశము లభించును. నాకు ఆ అవకాశమే రాలేదు. రాలేదని కూడ నేనెరుగను.

రెండవసారి ఆడితిని. బాలునకు తూటా ఇచ్చితిని. నిలిచి మాటలు వింటిని. తూటాలు తరుగగా ప్రయాణము కష్టమైనది. కాని కడపట ఆ అవకాశము వచ్చినది. గురి చూపు యంత్రమును కాల్చి క్షిపణులను ఆపితిని.

ఈ ఆట పుట్టిన కీవు నగరముమీద 2022 ఫిబ్రవరిలో రష్యా బాంబులు పడినపుడు, అచ్చటి ప్రజలు పిల్లలతోగూడ నిజముగనే మెట్రో స్టేషనులలో దాగిరి. ఆ యుద్ధమును ఖండించిన గ్లుఖోవ్‌స్కీకి 2023లో మాస్కో న్యాయస్థానము, అతని పరోక్షమున, ఎనిమిదేండ్ల శిక్ష విధించినది.

పెద్దలారా, ఊరి తగవులు మనయొద్దకు వచ్చుచుండును. రెండవ పక్షమువారు నోరు తెరువకముందే తీర్పు మన మనస్సులో సిద్ధమైయుండుట కలదు. నేనును అట్లు చేసినవాడనే. మనుమని విషయమునను అదియే చేసితిని. వాడు నన్ను కూర్చుండబెట్టి చూపినందున ఈ నాలుగు మాటలు మీకు చెప్పగలిగితిని.

సెలవు.