వారంటీ ఫోను: బిల్లు ఎవరి పేరున, హక్కు ఎవరిది?



స్త్రీల హక్కుల సమావేశంలో సెల్‌ఫోను వారంటీ గురించి మాట్లాడతాననగానే వెనక వరసలో కొందరు నవ్వుకున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ పొదుపు సంఘం లెక్కలు, ఉపాధి హామీ కూలి పడిందని చెప్పే మెసేజీ, బ్యాంకు ఓటీపీ, అన్నీ ఇవాళ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ అర్ధరాత్రి మనకు కబురు చెయ్యాలన్నా అదే దారి. అలాంటి ఫోను నెలరోజులు సర్వీసు సెంటరులో పడి ఉంటే, ఆ నెల ఆమె గొంతు నొక్కినట్టే కదా?

అమెరికాలో ఫోన్లను ఎక్కువగా వెరిజాన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ లాంటి నెట్‌వర్కు కంపెనీలే వాయిదాల మీద అమ్ముతాయి. నచ్చక తిరిగొచ్చిన ఫోన్లను పరీక్షించి, పాత సమాచారం తుడిచేసి, బాగుచేసి, వారంటీ కింద ఫిర్యాదు చేసిన వేరొకరికి ఇస్తుంటారు. 'కొత్తదానితో సమానం' అంటారు గానీ కొత్తది అనరు. పాత ఫోను గడువులోగా తిప్పి పంపకపోతే దాని ధర బిల్లులో వేస్తారు. బాగుచేసిన ఫోను ఇవ్వడం దానికదే అన్యాయమని నేననను. ఆ మాట ముందుగా కొనేవాళ్లకు తెలిసే భాషలో చెప్పకపోవడమే అన్యాయం. అన్నట్టు, అక్కడున్న పిల్లలు అమ్మకు పంపే ఫోన్ల సంగతి కూడా చూసుకోండి. వాటిలో కొన్ని అక్కడి నెట్‌వర్కుకే తాళం వేసి ఉంటాయి. కొన్నిటి వారంటీ ఇక్కడ చెల్లదు.

మన దగ్గర నెట్‌వర్కు వాళ్లు చాలామటుకు సిమ్ము వరకే. ఫోను అమ్మేది షాపు, తయారుచేసేది ఒక కంపెనీ, బాగుచేసేది ఆ కంపెనీ తరఫున ఇంకొకరు. ముగ్గురూ కలిసి మనిషిని బంతిలా తిప్పుతారు. మా దగ్గరికి వచ్చిన ఒక టైలరు చెల్లెలి అనుభవం ఇదే. కొన్న ఐదో నెలకే తెర నల్లబడింది. షాపువాడు సర్వీసు సెంటరుకు పొమ్మన్నాడు. అక్కడి కుర్రాడు ఫోను లోపలికి తీసుకెళ్లి వచ్చి, "నీళ్లు పోయాయి, వారంటీ వర్తించదు" అన్నాడు. ఫోన్ల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని ఆమె కళ్ల ముందు విప్పి చూపించలేదు, ఫొటో ఇవ్వలేదు. పైగా, "బిల్లు మీ అన్న పేరున ఉందిగా, ఆయన్ని రమ్మనండి" అన్నాడు.

ఈ చివరి మాట దగ్గరే మనం ఆగాలి. మన ఇళ్లలో బిల్లు ఎవరి పేరున ఉంటుంది? మొగుడో, అన్నో, కొడుకో. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. అందులో 'వినియోగదారు' అంటే డబ్బిచ్చి కొన్న మనిషే కాదు, కొన్నవారి అంగీకారంతో ఆ వస్తువును వాడుకునే మనిషి కూడా. అంటే ఆ చెల్లెలు తన పేరునే ఫిర్యాదు చెయ్యగలదు. ఈ ఒక్క సంగతి మీ ఊళ్లలో చెప్పగలిగితే చాలు, నేనిక్కడికి వచ్చిన బస్సు ఛార్జీ గిట్టినట్టే.

ఇకపోతే బిల్లుల అడుగున అచ్చేసే 'అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు' అనే వాక్యం. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ లేకపోతే ముప్ఫై రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లకు కూడా 2020 నిబంధనలు ఇదే చెబుతున్నాయి.

ఫోను ఇచ్చేటప్పుడు జాబ్ షీటు లేకుండా కౌంటరు వదలకండి. అందులో తేదీ, మన ఫిర్యాదు మన మాటల్లో, ఫోను పైపై స్థితి, ఐఎంఈఐ నంబరు ఉండాలి. *#06# కొడితే ఆ నంబరు కనిపిస్తుంది. మార్చి ఇచ్చిన ఫోనుకు వేరే నంబరు వస్తుంది కాబట్టి ఆ కొత్త నంబరు కూడా కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే మళ్లీ పాడైనప్పుడు, "ఈ ఫోను మీ బిల్లులోది కాదు" అంటారు.

మార్పిడిలో పాత ఫోను కంపెనీ సొంతమవుతుందని చాలా వారంటీ షరతుల్లో ఉంటుంది. అందులో మన ఫొటోలు, మాటలు, డబ్బు వ్యవహారాలు ఉంటాయి. మన సంఘం కార్యకర్తల ఫోన్లలోనైతే మనల్ని నమ్మి వచ్చిన స్త్రీల వివరాలు కూడా ఉంటాయి. సిమ్ము, మెమరీ కార్డు తీసేసి, ఫోను పనిచేస్తుంటే కాపీ తీసుకుని మొత్తం తుడిచి ఇవ్వండి. అసలు వెలగని ఫోనైతే ఆ రోజే వేరే ఫోను నుంచి పాస్‌వర్డులు మార్చుకోవాలి. తాళం నంబరు కాగితం మీద రాసిమ్మంటే రాయొద్దు.

ప్రభుత్వం ఇచ్చిన ఫోన్ల సంగతి వేరు. మహారాష్ట్రలో 2021లో అంగన్‌వాడీ కార్యకర్తలు తమకిచ్చిన ఫోన్లను కుప్పలుగా తెచ్చి ఆఫీసుల్లో అప్పగించారు. ఫోన్లు వేడెక్కుతున్నాయి, ఆగిపోతున్నాయి, వారంటీ అయిపోయింది, రిపేరు ఖర్చు తమ జేబుల్లోంచి పోతోంది, యాప్ ఇంగ్లీషులో ఉందని వాళ్ల గోడు. గౌరవ వేతనం మీద బతికే మనిషి సర్కారు పనిముట్టును సొంత డబ్బుతో ఎందుకు బాగుచేయించాలి? అక్కడ ఒక్కొక్కరూ కౌంటరు ముందు నిలబడితే అయ్యే పని కాదది, అందరూ కలిస్తేనే అయింది.

ఆ టైలరు చెల్లెలి చేత ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాం, తర్వాత 1915కి ఫోన్ చేయించాం. తడి గుర్తు ఫొటో చూపమని పట్టుబట్టాక, చివరికి తెర ఉచితంగా మార్చారు. అలా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షాపు, సర్వీసు సెంటరు, కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కొన్న ఊళ్లోనే కాదు, ఆమె ఉంటున్న జిల్లాలోనే వెయ్యవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెయ్యాలి. అర్జీ నమూనా ఒకటి తెలుగులో టైపు చేయించి తలుపు పక్క బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు మండలానికో కాపీ తీసుకెళ్లండి.