పక్షవాతము: రెండవ దెబ్బ



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిన యీ సభలో నేనొక యింటి సంగతిని విన్నవింప సెలవు వేడుచున్నాను. పక్షవాతము వచ్చి తేరుకొన్నవారు మనలో పెక్కిండ్ల గలరు. అది మరల రాకుండ కాచుట వైద్యుని చేతిలో నెంత యున్నదో యింటివారి చేతిలోను అంత యున్నది.

సంస్కృతమున దీనిని పక్షాఘాతమందురు. పక్షమనగా పార్శ్వము; ఆఘాతమనగా దెబ్బ. ఈ పేరే మనలను మోసగించుచున్నది. చేయియు కాలును పడిపోవుటచే దెబ్బ యచ్చటనే తగిలినదనుకొని తైలమర్దనము చేయుదుము. పావురపు నెత్తురు పూసినవారిని గూడ నేను చూచితిని. దెబ్బ తగిలినది మెదడులోని రక్తనాళమునకు. అది పూడుటయో చిట్లుటయో జరిగినది. చేయి మరల లేచినను, ఆ నాళమును చెరచిన రక్తపుపోటు, మధుమేహము, చుట్ట యింటనే యున్నవి.

మా యన్నగారి సంగతి చెప్పెదను. మొదటి దెబ్బ తగిలిన యారు నెలలకు వారు కఱ్ఱ లేకయే దేవాలయమునకు నడచిపోయిరి. రక్తపుపోటు సరిగా నున్నదని తేలినది. “సరిగా నున్నప్పుడు మాత్రలింక నేలరా?” యని వారడుగగా, ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నేను “నిజమే గదా, అన్నయ్యా!” యంటిని. మాత్రలచేతనే సరిగా నున్నదని నాకు తోచలేదు. నాలుగవ మాసమున రెండవ దెబ్బ తగిలి మాట పోయినది. ఇప్పుడు వారు నన్ను జూచి పెదవులు కదల్తురు, ఏమనుచున్నారో తెలియదు.

నాటినుండి మా వదినగారు మాత్రలిచ్చి, మ్రింగుట కన్నులార చూచినగాని కదలరు. నా కోడలు పోటు చూచి పంచాంగపు టంచున వ్రాయును. పై యంకె 130కిని, క్రింది యంకె 80కిని లోబడి యుండవలెనని మా వైద్యుడు చెప్పెను. ఉప్పు దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ మతము. కావున ఆవకాయ విస్తరినుండి తొలగెను. అందులకై యన్నగారు కోపింపని దినము లేదు. ఆ కోపమును భరించుటయే యీ సేవలో మిక్కిలి కష్టమైన భాగము.

ఇరుగుపొరుగు మాత్ర మనకు పనికిరాదు. ఆస్పిరిన్ నాళము పూడినవారికి మేలు చేయును. చిట్లినవారికి హాని చేయవచ్చును.

మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను, అది క్షణములో సర్దుకొన్నను సరే, వేళ గుర్తించి 108కి ఫోను చేయవలెను. గడ్డకట్టిన నెత్తురును కరగించు సూదిమందును సామాన్యముగ నాలుగున్నర గంటలలోపుననే యిత్తురు. ఆ రాత్రి మేము తెల్లవారువరకు వేచితిమి.

మన సంఘభవనమున పోటు చూచు యంత్రము నొకదానిని దాతలు సమకూర్చినచో, ప్రతి యాదివారమును అచ్చట కూర్చుండి చూచి వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగ నున్నాను.