సాయం ఎవరి పేరున వస్తోంది?

(గుంటూరు బ్రాడీపేటలో జరిగిన మహిళా రైతుల, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పల్నాడు నుంచీ, పర్చూరు, అద్దంకి వైపు నుంచీ అక్కచెల్లెళ్ళు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. మిరప కోతల రోజుల్లో ఒక పూట కూలి పోగొట్టుకుని ఇక్కడికి రావడమంటే చిన్న విషయం కాదు. అందుకని ఉపోద్ఘాతం పెట్టకుండా అసలు సంగతిలోకి వస్తాను.

వ్యవసాయానికి ప్రభుత్వం చేసే సాయం గురించి మాట్లాడమన్నారు నన్ను. ఎన్ని కోట్లు ఇచ్చారు, ఎన్ని లక్షల మందికి ఇచ్చారు అన్న లెక్కలు పేపర్లలో రోజూ చూస్తున్నాం. ఆ డబ్బు ఎవరి పేరున వస్తోంది, ఎవరి ఖాతాలో పడుతోంది అనే ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నేను దాని గురించే మాట్లాడతాను.

మన పొలాల్లో పని ఎవరు చేస్తున్నారో ఇక్కడ కూర్చున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పత్తిలో కలుపు మనదే, తీత మనదే. మిరప నారు నాటేది, కాయ కోసేది, కల్లంలో తాలుకాయ ఏరేది మనమే. గుంటూరు చుట్టుపక్కల కూర్చుని మిరప తొడిమలు తీసేదీ ఆడవాళ్ళే. అయినా ఊళ్ళో "రైతులంతా రండి" అని చాటిస్తే వెళ్ళేది మగవాళ్ళు. ఆ అలవాటును ఊరి నుంచి ప్రభుత్వం నేర్చుకుందో, ప్రభుత్వం నుంచి ఊరు నేర్చుకుందో గానీ, ఇద్దరి లెక్కా ఒకటే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశం మొత్తం మీద కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి నూటికి 14 కూడా లేవు. అంతకు ముందు 2010-11 గణనలో 13 కూడా లేవు. అయిదేళ్ళలో పెరిగింది నూటికి ఒకటి.

కాగితం మీద మంచి మాటలకు లోటేమీ లేదు. స్వామినాథన్ కమిషన్ సిఫారసుల తర్వాత 2007లో వచ్చిన జాతీయ రైతు విధానం, రైతు అంటే భూమి యజమాని మాత్రమే కాదనీ, కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా రైతులేననీ, స్త్రీ పురుషులిద్దరూ అందులోకి వస్తారనీ రాసుకుంది. స్వామినాథన్ గారే మహిళా రైతుల హక్కుల కోసం ఒక బిల్లు తయారుచేసి 2012లో రాజ్యసభలో ప్రైవేటు బిల్లుగా పెట్టారు. అది చట్టం కాకుండానే కాలం చెల్లిపోయింది. విధానం విధానంగానే ఉంది, డబ్బు మాత్రం పాస్‌బుక్కు వెంట నడుస్తోంది.

పి.ఎం. కిసాన్ తీసుకోండి. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. ఎవరికి? భూమి ఉన్న కుటుంబానికి. కుటుంబమంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. భర్త పేరున రెండెకరాలు, పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఎకరం భార్య పేరున ఉన్నా వచ్చేది ఒక్కటే. ఆ ఒక్కటి ఏ ఖాతాకు వెళుతుందో మీకే తెలుసు. కౌలుదారులకు ఆ పథకంలో అసలు చోటే లేదు.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో రైతు భరోసా వచ్చింది. కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి 13,500. భూమి లేని కౌలు రైతుల్ని కూడా చేర్చారు. అది మంచి పని, కాదనను. కానీ ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కౌలుదారులకే అన్నారు. 2025 ఆగస్టు 2న మన ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలోనే అన్నదాత సుఖీభవ ప్రారంభించారు. కేంద్రం డబ్బుతో కలిపి ఏడాదికి 20,000. పేరు మారింది, మొత్తం పెరిగింది. "రైతు ఎవరు" అన్న చోట మాత్రం మళ్ళీ పట్టా, ఆధార్, బ్యాంకు ఖాతా. కౌలుదారు అయితే కార్డు.

ఆ కార్డు కథ కొంచెం విడమరచి చెప్పాలి. మన జిల్లాల్లో పత్తి, మిరప వేసేవాళ్ళలో కౌలుదారులెంతమందో లెక్క వేయడానికి ఆఫీసులు అక్కర్లేదు, మీ వీధిలో చూసుకుంటే చాలు. యజమాని గుంటూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు ముందే కట్టాలి, మాట నోటిమాటే. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం, భూమి మీద యజమాని హక్కుకు భంగం లేదని చట్టంలోనే రాశారు. కానీ కార్డు రావాలంటే ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం కావాలి. సంతకం చేస్తే భూమి పోతుందేమో అని ఒకడికి భయం, ఆ ఏడాది సాయం తన ఖాతాలో పడదేమోనని ఇంకొకడికి లెక్క. సంతకం షరతు తీసేయాలన్న చర్చ 2024లో గట్టిగానే జరిగింది. మన సంఘాలు అది చల్లారనీయకూడదు.

ఇదంతా మగ కౌలుదారు కష్టం. ఆడమనిషి పేరున కార్డు అడిగితే ఇంకొక మెట్టు ఉంది. "మీ ఆయన్ని రమ్మనమ్మా" అంటారు. భర్త లేనివాళ్ళు, వదిలేసినవాళ్ళు ముగ్గురో నలుగురో కలిసి కౌలుకు చేసుకుంటామన్నా యజమాని వెతికేది హామీ నిలబడే మగమనిషి కోసమే. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు. ఈ-పంటలో పేరు లేకపోతే నష్టపరిహారం లేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలు మాడిపోయినప్పుడు చూశాం కదా, దున్ని నాటినవాళ్ళది అప్పు, పేరున్నవాళ్ళది పరిహారం.

ఇప్పుడు అందరికన్నా బాధ పడుతున్నవాళ్ళ సంగతి. 1997-98లో పత్తి పోయిన ఏడాది వరంగల్లులోనూ, మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లోనూ పురుగుమందు తాగి చనిపోయిన రైతుల్ని మన తరం మరచిపోలేదు. లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, కల్తీ మందులు, వడ్డీ అప్పులు, అన్నీ కలిసిన ఏడాది అది. 2004 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు నం. 421 ఇచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి ఇంకో 50 వేలు. 2015లో దాన్ని 5 లక్షలు చేశారు, 2019లో 7 లక్షలు చేశారు. మొత్తాలు పెరుగుతూ వచ్చాయి. అందుకోవలసిన మనిషి దగ్గరికి వెళ్ళి చూస్తే వేరే కథ.

రెండేళ్ళ కిందట నేను వెళ్ళిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరు పేరు, ఆమె పేరు చెప్పను. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లలు. భర్త నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. యజమాని సంతకం చేయలేదు కాబట్టి కార్డు లేదు. చనిపోయాక విచారణకు వచ్చినవాళ్ళు మొదట అడిగింది కార్డు. తర్వాత అప్పుల రుజువు అడిగారు. అప్పు బ్యాంకుది కాదు, వడ్డీ వ్యాపారిది, పురుగుమందుల కొట్టుది. ప్రామిసరీ నోటు ఉండేది అప్పిచ్చినవాడి దగ్గర. అతను బాకీ అడగడానికి నోటు చూపిస్తాడు గానీ, ఆఫీసులో పెట్టడానికి నకలు ఇస్తాడా? కొట్టువాడు చిత్తు చీటీ మీద రాసిచ్చాడు, బిల్లు కాదు. చివరకు "వ్యవసాయ కారణం కాదు, కుటుంబ కలహాలు" అని రాసుకుపోయారు. ఆ నాలుగు మాటలు కేవలం డబ్బు పోగొట్టేవి కావు. ఊళ్ళో ఆమెను మొగుణ్ణి చంపుకున్నదాన్ని చేశాయి. అత్తగారు ఇప్పటికీ ఆ మాటే అంటోంది. అప్పులవాళ్ళు మాత్రం కలహాల వల్ల పోయాడని బాకీ వదల్లేదు, ఆమె దగ్గరికే వస్తున్నారు.

పరిశీలించేది మండలంలో తహసీల్దారు, ఎస్.ఐ., వ్యవసాయాధికారి. పైన డివిజన్ స్థాయిలో ఆర్.డి.ఓ., డి.ఎస్.పి., వ్యవసాయశాఖ ఎ.డి. ఆ కమిటీల్లో ఒక స్త్రీ, ఒక రైతు సంఘం మనిషి ఉండాలన్న నియమం ఎందుకు పెట్టరు? దినం కూడా కాని ఇంట్లో, ఎదురుగా పోలీసాయన కూర్చుంటే ఆమె ఏం చెబుతుంది?

ఇంకోటి. పొలం చేసే ఆడమనిషే పురుగుమందు తాగితే? నేర గణాంకాల్లో చాలాసార్లు ఆమె గృహిణి. భూమి ఆమె పేరున లేదు కాబట్టి రైతు ఆత్మహత్య కాదు. ఈ సంగతి పాలగుమ్మి సాయినాథ్ ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు. బతికినప్పుడు రైతు కాని మనిషిని చచ్చాక రైతని ఎందుకు రాస్తారు?

భూమి ఉన్న ఇంట్లోనూ వితంతువుది తేలిక దారి కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, అతని తల్లికి సమాన వాటా. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా వచ్చిన వాటా పోదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు హక్కు ఇవ్వడంలో మన రాష్ట్రం దేశానికి ముందుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా 1986లో చట్టం చేసింది, కేంద్రం చేసింది 2005లో. ఇంత చరిత్ర ఉండి కూడా పాస్‌బుక్కు మామగారి పేరునో బావగారి పేరునో ఉండిపోతుంది. పేరు మారనంత కాలం సాయం వాళ్ళకే. పి.ఎం. కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూమికి సాయం లేదన్న నిబంధన చూపించి కొందరిని తిప్పి పంపుతున్నారు. యజమాని మరణం వల్ల వారసత్వంగా వచ్చిన భూమికి ఆ నిబంధన వర్తించదు. ఇది గుర్తు పెట్టుకోండి, కౌంటరు దగ్గర గట్టిగా చెప్పండి.

డ్వాక్రా గురించి మాట్లాడకుండా కూర్చుంటే మీరు ఊరుకోరు. వ్యవసాయ ఋణం మగవాడి పేరున, పొదుపు సంఘం అప్పు ఆడదాని పేరున, రెండూ వెళ్ళేది ఆ ఒక్క చేలోకే. బంగారం మనది, తాకట్టు చీటీ అతని పేరున. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 2006లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళు ఎంత దూరం వెళ్ళాయో, 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చేదాకా పరిస్థితి ఎలా వచ్చిందో మీలో చాలామంది చూసినవాళ్ళే. 2014 రుణమాఫీలో కుటుంబానికి లక్షన్నర అన్నారు. డ్వాక్రా మాఫీ అన్నది చివరకు మనిషికి 10 వేల పెట్టుబడి నిధిగా మారింది. దానికి పెట్టిన పేరు 'పసుపు-కుంకుమ'. పసుపుకుంకుమలు తీసేశామని ఊరంతా చెప్పుకునే రైతు వితంతువు కూడా ఆ పేరున్న చెక్కే తీసుకుంది. ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. అన్నకు చెల్లెలు, తండ్రికి కూతురు అన్నట్టు కాకుండా, పౌరురాలికి ఇచ్చినట్టు మనకు ఏదైనా ఎప్పుడిస్తారో!

ధర సంగతి క్లుప్తంగా. 2017లో మిరప ధర పడిపోతే కేంద్రం మన రాష్ట్రం నుంచి 88,300 టన్నులు క్వింటాలు 5,000కు కొనడానికి అనుమతించింది. 2025 ఫిబ్రవరిలో 11,781 రూపాయలను ప్రాతిపదికగా పెట్టి, 2.58 లక్షల టన్నుల వరకు తేడా చెల్లిస్తామంది. చెల్లింపు ఏ పద్ధతిలో చేసినా యార్డులో చీటీ ఎవరి పేరున ఉందన్నదే ప్రశ్న. పంట కౌలుదారుది, చీటీ కమీషన్ వ్యాపారి రాసిన పేరుది అయితే తేడా ఎవరికి చేరుతుంది? సి.సి.ఐ.కి పత్తి అమ్మాలన్నా ముందు రైతుగా నమోదు కావాలి. కూలి తల్లుల సంగతి మరీ అన్యాయం. ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని మన మిరప కోతలకు వచ్చి చేలల్లో డేరాలేసుకుంటారు. వాళ్ళకు ఏ రైతు పథకమూ లేదు. ఉపాధి హామీ ఒక్కటే ఆసరా. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 125 రోజులంటూనే, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజులు పని ఆపవచ్చంది, ఖర్చులో నూటికి 40 రాష్ట్రం భరించాలంది. పనులుండే రోజుల్లో కూలి రేటు పెరగకుండా చూడడం ఎవరికి అవసరమో మీరే ఆలోచించండి. దాని మీద వేరే సమావేశం పెట్టుకోవాలి, ఇవాళ కుదరదు.

ఇక పని. కౌలు మాటలు జరిగేది వేసవిలో. అప్పుడే మీ సంఘం తరఫున యజమాని దగ్గరికి నలుగురు వెళ్ళండి, ఒంటరిగా పంపొద్దు. పదకొండు నెలల పత్రం వల్ల భూమి పోదని చట్టం కాపీ చూపించండి. కార్డు భార్య పేరునో, ఇద్దరి పేరునో అడగండి. ఈ-పంట నమోదుకు సిబ్బంది చేలోకి వచ్చే రోజు మీరూ గట్టు మీద ఉండండి. మందు కొట్టులో బిల్లు అడిగి తీసుకోండి, నోటు రాసిన రోజే నకలు తీయించండి. చావు జరిగిన ఇంటికి విచారణ వాళ్ళు వచ్చేటప్పటికి మన మనిషి ఒకరు ఆమె పక్కన కూర్చుని ఉండాలి. పంచనామాలో ఏం రాశారో చదివి వినిపించమని అడగాలి. "కలహాలు" అని రాస్తే అక్కడే అభ్యంతరం రాయించాలి, తర్వాత కలెక్టరు దాకా వెళ్ళినా ఆ కాగితమే ఆధారం.

భోజనాల తర్వాత మండలాలవారీగా కూర్చుందాం. పేరు మార్పిడి ఆగిపోయినవాళ్ళు పాస్‌బుక్కు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు నకళ్ళు ఇస్తే అర్జీలు ఇక్కడే రాసిపెడతాం. కార్డు రాని కౌలుదారుల జాబితా ఊరివారీగా తీయాలి, అందులో ఆడవాళ్ళ పేర్లు వేరే వరసలో. ఎవరి మండలం ఎటు కూర్చుంటుందో ఇప్పుడు చెబుతారు.