భూతమును కొలువవచ్చునా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బీరువాలలోని ప్రబంధములను నిఘంటువు సాయమున చదువుకొన్నవాడను. భేతాళ కథలను మొట్టమొదట చదివినది ఇచ్చటనే. కావున ఈ రజతోత్సవ వేదికపై భూతములను గూర్చి మాటలాడుట అపచారము కాదని తలచెదను.

మన యువకులు కొందరు టెలివిజనులో చూచి, భూతములను కనిపెట్టు పరికరము నొకదానిని గ్రంథాలయ నిధితో కొనవలెనని అడుగుచున్నారు. అది విద్యుదయస్కాంత క్షేత్రమును కొలుచు మీటరు, అరచేతిలో నిముడును. అమెరికాలోను, ఇంగ్లండులోను భూతశోధకులు దానిని పట్టుకొని పాడుబడిన ఇండ్లలో తిరుగుదురు. మిక్కిలి ప్రచారము నొందిన కే-టూ అను రకమునకు అయిదు దీపములుండును. క్షేత్రబలము హెచ్చినకొలది అవి వరుసగా వెలుగును. 20 మిల్లీగాసులు దాటినచో అయిదును వెలుగును. దీపము వెలిగినచో ఆత్మ వచ్చినదని వారి సిద్ధాంతము.

కాని ఆ పరికరము భూతముల కొరకు పుట్టినది కాదు. విద్యుత్తు పారు తీగల చెంతను, యంత్రముల చెంతను క్షేత్రబలమెంత యున్నదో తెలిసికొనుటకై పుట్టినది. భూమికి సహజముగా 250 మొదలు 650 మిల్లీగాసుల వరకు అయస్కాంత బలము కలదు. అది నిలకడయైనది గనుక ఇట్టి మీటరు దానిని లెక్కగొనదు. సెకనుకు 50 ఆవృత్తములతో మన ఇండ్ల తీగలలో పారు విద్యుత్తునకు మాత్రము అది వెంటనే పలుకును. సెల్‌ఫోను దరిజేర్చినను పలుకును.

ఈ సంగతి నేను పుస్తకమున చదువుటకు ముందే అనుభవమున నేర్చితిని.

మూడేండ్ల క్రిందట నా భార్య కాలధర్మము నొందినది. కొన్ని మాసములకు నా మేనల్లుడు ఆ మీటరును చేతబట్టుకొని పట్నము నుండి వచ్చెను. ఆమె కూర్చుండి కుట్టుపని చేసికొను గదిలో, పడమటి గోడ దగ్గర మూడు దీపములు వెలిగినవి. ‘మామయ్యా, అత్తయ్య ఇక్కడనే యున్నది’ అనెను. నేను నవ్వలేదు. నాకు కన్నీరు వచ్చినది. మీటరును నా యొద్దనే ఉంచుమని వానిని బతిమాలుకొంటిని.

అది మొదలు దినదినమును ఆ గోడ చెంత కూర్చుండి, దీపము వెలిగినప్పుడు ఇంటి సంగతులు ఆమెకు చెప్పుకొనుచుంటిని. అయితే అలవాటు పోనిది గదా. వెలిగిన వేళయు, ఆరిన వేళయు ఒక నోటు పుస్తకమున వ్రాసికొంటిని. మరుసటి వారము వ్యవసాయపు కరెంటు వంతు మారినది. ఆమె వచ్చు వేళయు మారినది. గోడకావల దొడ్డిలో బోరు మోటారు స్టార్టరు కలదు. లేచి వెళ్లి దానిని ఆపితిని. దీపములు ఆరిపోయినవి. మరల వేసితిని, వెలిగినవి. మూడు మారులు చూచితిని. ఆ రాత్రి నాకు ఆమె రెండవ మారు చనిపోయినట్లయినది.

మీటరు అబద్ధమాడలేదు. అంకె నిజమే, దానిని వ్రాసిన ఖాతా తప్పు. తర్కశాస్త్రమున పొగను చూచి నిప్పును ఊహించు దృష్టాంతము కలదు. వంటయింట ఆ రెంటిని కలిసియుండగా ముందు చూచితిమి గనుకనే కొండమీది పొగ మనకు సాక్ష్యమగుచున్నది. ఆత్మను, క్షేత్రబలమును కలిసియుండగా చూచినవారెవరు? ఆ సంబంధము తెలియక ఆత్మను ఊహించుట వోచరు లేని పద్దు.

మరికొందరు వేరొక మాట చెప్పుదురు: క్షేత్రమే మెదడును కలచి, ఎవరో యున్నట్లు భ్రమ గొలుపునందురు. కెనడా దేశపు మైకేల్ పెర్సింగర్ బలహీనమైన క్షేత్రములను శిరస్త్రాణము ద్వారా తలకు సోకించి అట్టి అనుభవములు కలిగించితిననెను. స్వీడనులోని ఉప్సాలా పరిశోధకులు, క్షేత్రమున్నదో లేదో పరీక్షకులకును, పాల్గొన్నవారికిని తెలియనీయక పరీక్షించి, అనుభవములకు కారణము క్షేత్రము కాదని 2005లో ప్రకటించిరి. రిచర్డ్ వైజ్‌మన్ బృందము హాంప్టన్ కోర్టు రాజభవనమునందును, ఎడిన్‌బరో నేలమాళిగలయందును జరిపిన పరిశోధన 2003లో వెలువడినది. అయస్కాంత క్షేత్రపు హెచ్చుతగ్గులే గాక, వెలుతురునకును, గది పరిమాణమునకును గూడ జనుల అనుభవములతో సంబంధము కనబడినది. లండనులో క్రిస్ ఫ్రెంచ్ బృందము 79 మందిని, ఒక్కొక్కరిని 50 నిమిషముల చొప్పున, ప్రత్యేకముగా కట్టిన గదిలో నుంచినది. పెక్కుమందికి వింత అనుభవములు కలిగినవి. కాని క్షేత్రమునకును, వానికిని పొత్తు కుదరలేదు. ముందుగా చెప్పిన మాటయే మనస్సున పనిచేసియుండునని 2009లో వ్రాసిరి.

నా విషయమున ఆ మాట చెప్పినవాడు నా మేనల్లుడు. నమ్మవలెనని కోరినవాడను నేను. వాని యందు నాకు కోపము లేదు. కాని అట్టి దుఃఖమునకు వెలకట్టి రుసుము పుచ్చుకొనువారు లోకమున కలరని మరువకుడు.

కావున నా విన్నపము: యువకులు కోరినట్లు మీటరును కొనుడు. దానితోపాటు ఒక నోటు పుస్తకమును గూడ కొనుడు. దీపము వెలిగినచో ముందు మెయిన్ స్విచ్చిని ఆపి, సెల్‌ఫోనులను దూరముగా నుంచి, మరల చూడుడు. విక్రమార్కుడు భేతాళునికి భయపడి పరుగెత్తలేదు; తెలిసిన ప్రశ్నలకు ఆలోచించి బదులు చెప్పెను. మనమును అటులే చేయుదము.

కడపటి మాట. నా భార్య ఈ గ్రంథాలయ చందాదారు. మొన్న పాత రిజిస్టరును సరిచూచుచుండగా, పుస్తకములు తీసికొనిన తేదీల కెదురుగా ఆమె సంతకములు కనబడినవి. భూతమనగా గడచినదని గూడ అర్థము కలదు. ఆ రిజిస్టరులోని ప్రతి పద్దునకును సంతకము కలదు. అది నాకు చాలును.

సెలవు.