ఆపరేషను ఇక్కడ, నౌకరీ అక్కడ



గల్ఫులో పనిచేసే మన పిల్లల సంపాదన గురించి ఈ వేదిక మీద ఏటా మాట్లాడుతూనే వున్నాము. వారి ఆరోగ్యం గురించి మాట్లాడింది తక్కువ. అందుచేత ఈసారి ఒక్క విషయమే ఎన్నుకున్నాము. సెలవులో వచ్చి హైదరాబాదులో గుండె ఆపరేషను చేయించుకొని, మళ్ళీ సౌదీకి తిరిగిపోయేవారి సంగతి. మేము డాక్టర్లము కాము, బడిపంతుళ్ళము. కాని మొహల్లాలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా చదివి చెప్పే పని మా నెత్తినే పడుతుంది గనుక ఇటువంటి కాగితాలు చాలా చూశాము.

చిన్నతనంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం చెడిపోయినవారిలో కొందరికి లోహపు కవాటం పెడతారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బ్రతికినన్నాళ్ళు మాత్ర వేసుకోవలసిందే. మోతాదు తక్కువైతే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే లోపల రక్తస్రావం కావచ్చు. ఈ తూకం చెప్పేది ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మైట్రల్ కవాటం మార్చినవారికి అది సాధారణంగా 2.5 నుండి 3.5 మధ్య వుండాలంటారు. మీకెంత అన్నది మీ డాక్టరే వ్రాసివ్వాలి. ఆ అంకె కాగితం మీద లేకుంటే, అడిగి వ్రాయించుకోనిదే ఆసుపత్రి గడప దాటకండి.

దమ్మాంలో డ్రైవరుగా వున్న మనవాడొకడు మూడు నెలల మాత్రలు వెంట తీసుకుపోయాడు. అవి అయిపోయినవి. మన దగ్గర ఎక్కువగా వ్రాసేది అసినోకౌమరాల్. అక్కడ షాపులో వార్ఫరిన్ దొరికింది. రెండూ ఒకే పని చేస్తాయి గాని మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము సరిపోవు, వార్ఫరిన్ ఎక్కువ కావాలి. వాడు పాత లెక్కనే మింగినాడు. వాళ్ళమ్మ ఫోనులో పోరు పెట్టగా పరీక్ష చేయించుకుంటే 1.4 వచ్చింది! అల్లా దయవల్ల ఏమీ కాలేదు. ఇన్సూరెన్సు కార్డు పట్టుకొని గుండె డాక్టరు దగ్గరకు పోతే ఆయన మోతాదు సరిచేసి, వారానికొకసారి, తర్వాత నెలకొకసారి రమ్మన్నాడు. ఆ డాక్టరును టికెట్టు కొనకముందే చూసుకోవాలని మా అభిప్రాయం. కంపెనీ కార్డు మీద ఏయే ఆసుపత్రులకు పోవచ్చునో, వాటిలో గుండె డాక్టరు ఎక్కడున్నాడో గదిలోని సోదరులతో కనుక్కొని పెట్టించవచ్చు. కార్డు తీసుకునేటప్పుడు పాత జబ్బు దాచవద్దు.

మందులు పెద్ద పెట్టెలో వేయకుండా చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకు సౌదీలో ముందస్తు అనుమతి కావాలి. తెలియక తీసుకుపోతే విమానాశ్రయంలోనే చిక్కు. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ కొని మింగరాదు. హకీము గారి పొడులు కూడా డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టరాదు (హకీము సాహెబులు కోపగించుకోకూడదు). పాలకూర, తోటకూర మానవలసిన పని లేదు, ఒక వారం అసలు లేకుండా మరో వారం పూటపూటా తినడమే చెడ్డది. పన్ను పీకించుకునే ముందు కవాటం సంగతి దంతవైద్యునికి చెప్పండి, ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వవలసి వుంటుంది. రంజానుకు ముందు మాత్ర వేళ మార్చడం గురించి డాక్టరునే అడగాలి. రోగికి రోజా వాయిదా వేసుకొనే అనుమతి మన షరీయతులోనే వున్నది, సిగ్గుపడనక్కరలేదు.

పోయిన తర్వాత సుస్తీ చేస్తే నౌకరీ పోతుందన్న భయంతో చాలామంది నోరెత్తరు. సౌదీ కార్మిక చట్టం 117వ నిబంధన ప్రకారం, రుజువైన జబ్బుకు ఏడాదిలో మొదటి 30 రోజులు పూర్తి జీతంతో, తర్వాత 60 రోజులు ముప్పాతిక జీతంతో, ఆపైన 30 రోజులు జీతం లేకుండా సెలవు వుంది. డాక్టరు రిపోర్టు మాత్రం వుండాలి.

డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు, కవాటం పేరూ సైజూ వున్న కార్డు ఒక నకలు ఇంట్లో, ఒక ఫోటో ఫోనులో వుంచండి. వచ్చే జుమా నుండి అసర్ నమాజు తర్వాత సంఘం గదిలో మేమిద్దరు పంతుళ్ళము కూర్చుంటాము. కాగితాలు తెస్తే చదివి, మందుల పేర్లు, మోతాదులు ఉర్దూలో, తెలుగులో ఒక చీటీ మీద వ్రాసిస్తాము. అసలు కార్డు మా చేతికివ్వకండి, నకలు చాలు.